కొత్త కంపైలర్ వచ్చింది, పాత లైబ్రరీ మొరాయించింది

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకటే గోల. నిన్నటిదాకా శుభ్రంగా బిల్డ్ అయిన డేటాబేస్ క్లయింట్ లైబ్రరీ (డేటాబేస్‌తో మాట్లాడటానికి ప్రోగ్రామ్‌లు వాడుకునే రెడీమేడ్ కోడ్), కంపైలర్ (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) మార్చగానే మొరాయిస్తోంది, మేం కోడ్‌లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు, మరి తప్పెవరిది అని. కొన్ని ప్రశ్నల్ని కలిపేశాను, కొన్నిటిని కుదించాను.

ప్రశ్న: సార్, డేటాబేస్ సర్వర్‌తో మాట్లాడే ఒక చిన్న ఓపెన్ సోర్స్ సీ లైబ్రరీని ఏళ్లుగా వాడుతున్నాం. జీసీసీ అనే కంపైలర్ 14వ వెర్షన్‌కి మారగానే ‘ఎస్‌టీఆర్‌పీటైమ్‌కి ఇంప్లిసిట్ డిక్లరేషన్’ అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. ఇదే లైన్‌కి జీసీసీ 13లో వార్నింగ్ మాత్రమే వచ్చేది. ఎర్రర్‌ని మళ్లీ వార్నింగ్‌గా మార్చే ఎఫ్‌పర్మిసివ్ అనే ఆప్షన్ ఇస్తే బిల్డ్ అయిపోతోంది. అలా వదిలేయొచ్చా?

జవాబు: వదిలేయకండి. నేను ఒకప్పుడు ఇలాగే వదిలేసి, ఆ తర్వాత ఒక రాత్రంతా క్రాష్ డంప్ ముందు కూర్చున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ముందుగా జరిగిందేంటంటే, డిక్లరేషన్ (ఫంక్షన్ ఏం తీసుకుని ఏం ఇస్తుందో ముందే చెప్పే లైను) చూడకుండా ఫంక్షన్‌ని పిలవడాన్ని సీ ప్రమాణం 1999లోనే తీసేసింది. కంపైలర్లే పాత కోడ్ మీద జాలిపడి పాతికేళ్లపాటు వార్నింగ్‌తో సరిపెట్టాయి. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ 16వ వెర్షన్ (2023), జీసీసీ 14 (2024) వచ్చాక ఆ జాలి అయిపోయింది, వార్నింగ్ కాస్తా ఎర్రర్ అయింది. కాబట్టి మీ లైబ్రరీలో తప్పు కొత్తగా పుట్టలేదు, ఇన్నాళ్లూ అక్కడే ఉంది.

ఆ తప్పు ఏం చేస్తుందో మీ లైన్ మీదే చూద్దాం. సర్వర్ నుంచి ‘2024-05-07 10:20:30.456789’ అని ఒక తేదీ వచ్చింది అనుకోండి. తేదీలు చదివే ఫంక్షన్ ఎస్‌టీఆర్‌పీటైమ్ సెకన్ల దాకా చదివి, మిగిలిన ‘.456789’ ఎక్కడ మొదలవుతుందో ఆ పాయింటర్‌ని (మెమరీలో ఆ చోటి అడ్రస్‌ని) తిరిగి ఇస్తుంది. మైక్రోసెకన్లు కావాలనుకున్న లైబ్రరీ ఆ పాయింటర్ పట్టుకుని అక్కణ్ణుంచి చదువుతుంది. అయితే డిక్లరేషన్ లేదు కాబట్టి కంపైలర్ ‘ఈ ఫంక్షన్ ఇంట్, అంటే పూర్ణాంకం, ఇస్తుంది కాబోలు’ అని ఊహించుకుంటుంది. 64 బిట్ మెషీన్‌లో పాయింటర్ 8 బైట్లు, ఇంట్ 4 బైట్లు. అసలు అడ్రస్ హెక్సాడెసిమల్‌లో 558144126010 అయితే లైబ్రరీ చేతికి వచ్చేది 44126010 మాత్రమే. ఇంటి నంబర్‌లో ముందున్న అంకెలు చింపేసి ఉత్తరం పోస్ట్ చేసినట్టు. అక్కడ చదవబోతే సెగ్‌ఫాల్ట్, అంటే ప్రోగ్రామ్ కూలిపోతుంది.

‘మరి ఇన్నేళ్లు ఎలా పనిచేసింది?’ అని మీరు అడుగుతారు, నేనూ అడిగాను. ఒకప్పుడు ప్రోగ్రామ్‌లు పీఐఈ (ప్రోగ్రామ్‌ని మెమరీలో ఎక్కడైనా పెట్టగలిగేలా చేసే బిల్డ్ పద్ధతి) లేకుండా బిల్డ్ అయ్యేవి, అలాంటి ప్రోగ్రామ్‌లో హీప్ (నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ) మామూలుగా కింది అడ్రస్‌లలోనే మొదలవుతుంది, అంటే ఆ అడ్రస్ మొత్తం 4 బైట్లలోనే ఇమిడిపోతుంది, పై సగం కోసేసినా పోయేది సున్నాలే. తర్వాత భద్రత కోసం లినక్స్ డిస్ట్రోలు పీఐఈని డిఫాల్ట్ చేశాయి, అడ్రస్‌లు పైకి వెళ్లిపోయాయి, అదృష్టం అయిపోయింది. పైగా కొన్ని లైబ్రరీలు ఆ పాయింటర్ నల్ (ఖాళీ) అవునా కాదా అని మాత్రమే చూస్తాయి, వాటిలో ఇప్పటికీ ఏమీ బయటపడదు. అందుకే ‘మా దగ్గర బాగానే నడుస్తోందే’ అనే మాటకి ఇక్కడ పెద్ద విలువ లేదు.

మందు మాత్రం ఒక్క లైనే. ఈ ఫంక్షన్ డిక్లరేషన్ టైమ్ హెడర్‌లోనే (హెడర్ అంటే డిక్లరేషన్లు ఉండే ఫైల్) ఉంటుంది, కానీ గ్నూ సోర్స్ మ్యాక్రో (కోడ్‌లో స్విచ్ లాగా పెట్టే పేరు) గానీ ఎక్స్‌ఓపెన్ సోర్స్ మ్యాక్రో గానీ లేకపోతే జీలిబ్‌సీ (లినక్స్‌లో మామూలుగా ఉండే సీ స్టాండర్డ్ లైబ్రరీ) దాన్ని బయటికి చూపించదు. ఆ మ్యాక్రోని ఫైల్‌లో అన్ని ఇంక్లూడ్‌ల కంటే పైన పెట్టండి. రెండు ఇంక్లూడ్‌ల తర్వాత పెడితే లాభం లేదు, ఎందుకంటే అప్పటికే హెడర్లు తమ లెక్కలు తేల్చేసుకుని ఉంటాయి. సగం మంది ఇక్కడే పొరపాటు పడి ‘మ్యాక్రో పెట్టాను, అయినా అదే ఎర్రర్’ అంటారు.

ప్రశ్న: మాకు అసలు ఎర్రరే రాలేదు. కొత్త కంపైలర్‌తో లైబ్రరీ చక్కగా బిల్డ్ అయింది, ఇన్‌స్టాల్ అయింది. కానీ ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్ట్ చేసిన) కనెక్షన్ అడిగితే ‘ఈ బిల్డ్‌లో సపోర్ట్ లేదు’ అంటోంది. దానికి కావలసిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ హెడర్లు, లైబ్రరీ అన్నీ ఉన్నాయి.

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, ఎందుకంటే ఎర్రర్ వచ్చేదానికంటే రానిదే ప్రమాదం.

బిల్డ్‌కి ముందు నడిచే కాన్ఫిగర్ స్క్రిప్ట్, మీ మెషీన్లో ఏమేం ఉన్నాయో తెలుసుకోడానికి, చిన్న చిన్న సీ ప్రోగ్రామ్‌లు రాసి, కంపైల్ చేసి చూస్తుంది. కంపైల్ అయితే ఆ సౌకర్యం ఉన్నట్టు, కాకపోతే లేనట్టు. ఇప్పుడు ఎప్పుడో ఎవరో చేత్తో రాసిన పరీక్షలో మెయిన్ ఫంక్షన్ ముందు ఇంట్ అని రాయకపోతే, లేదా స్టాండర్డ్ లైబ్రరీ హెడర్ పెట్టకుండా ఎగ్జిట్ పిలిస్తే, పాత కంపైలర్ వార్నింగ్ ఇచ్చి పోనిచ్చేది. కొత్తది ఎర్రర్ ఇస్తుంది. స్క్రిప్ట్‌కి ఆ ఎర్రర్ ఎందుకొచ్చిందో తెలియదు, ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లేదు’ అని రాసుకుని ముందుకు పోతుంది. తప్పు ప్రశ్నపత్రంలో, ఫెయిలయింది విద్యార్థి.

కాన్ఫిగ్ డాట్ లాగ్ ఫైల్ తెరిచి ఎస్‌ఎస్‌ఎల్ అని వెతకండి. పరీక్ష కోసం రాసిన ప్రోగ్రామ్, దానికి కంపైలర్ ఇచ్చిన ఎర్రర్ రెండూ ఒకదాని పక్కన ఒకటి అక్కడే ఉంటాయి. ఇంకా మంచి పద్ధతి, పాత కంపైలర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి కాన్ఫిగర్ నడిపి, రెండు కాన్ఫిగ్ హెడర్లనీ డిఫ్ చేయండి, అంటే పోల్చి చూడండి. తేడా వచ్చిన ప్రతి లైనూ అనుమానితుడే. ఎస్‌ఎస్‌ఎల్‌తో పాటు ఇంకేం పోయాయో కూడా అప్పుడే బయటపడుతుంది. ఒకటి పోయిందంటే సాధారణంగా ఒకటే పోదు.

ప్రశ్న: మేం నిర్వహించే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ మైఎస్‌క్యూఎల్, దాన్నుంచి విడిపోయిన మరియాడీబీ అనే రెండు డేటాబేస్‌ల క్లయింట్లతోనూ బిల్డ్ కావాలి. మైఎస్‌క్యూఎల్ 8 వచ్చాక ‘మై బూల్ అనే టైప్ (అవునా కాదా అని చెప్పేది) లేదు’ అని ఎర్రర్. వెర్షన్ నంబర్ 80001 కంటే ఎక్కువ ఉంటే బూల్, లేకపోతే మై బూల్ అని రాశాం. మైఎస్‌క్యూఎల్‌కి సరిపోయింది, ఇప్పుడు మరియాడీబీలో పాయింటర్ టైప్ కుదరడం లేదని ఎర్రర్. ఒకటి సరిచేస్తే ఇంకోటి ఊడుతోంది, టెన్షన్ తట్టుకోలేకపోతున్నాం.

జవాబు: టెన్షన్ పడకండి, ఈ గుంటలో పడినవాళ్లలో మీరు మొదటివారు కాదు.

మైఎస్‌క్యూఎల్ 8.0.1లో మై బూల్‌ని తీసేసి మామూలు బూల్ పెట్టారు. మరియాడీబీ కనెక్టర్ మాత్రం పాత మై బూల్‌నే ఉంచుకుంది, అది నిజానికి ఒక క్యారెక్టర్ టైప్. ఇంతవరకు మీరు సరిగ్గానే చదివారు. అయితే మరియాడీబీ వెర్షన్లు 5.5 తర్వాత నేరుగా 10కి దూకాయి. అంటే 10.6 హెడర్‌లో అదే వెర్షన్ మ్యాక్రో 100600 పైన ఉంటుంది. 100600 అనేది 80001 కంటే పెద్దది కదా, మీ కోడ్ దాన్ని ‘ఓహో, చాలా కొత్త మైఎస్‌క్యూఎల్’ అనుకుంటోంది. దారులు విడిపోయిన రెండు ప్రాజెక్టుల వెర్షన్ నంబర్లని ఒకే త్రాసులో తూచారు, అంతే.

తక్షణ మందు, వెర్షన్ చూసే ముందు మరియాడీబీ బేస్ వెర్షన్ అనే మ్యాక్రో ఉందా అని చూడటం. అది ఉంటే మరియాడీబీ, ఇక నంబర్ జోలికి వెళ్లనవసరం లేదు. కానీ నన్నడిగితే నంబర్లే వద్దంటాను. మీది సీ ప్లస్ ప్లస్ కాబట్టి, బైండ్ స్ట్రక్చర్‌లో ఈజ్ నల్ అనే మెంబర్ ఉంది చూడండి, దాని టైప్‌ని డెక్ల్‌టైప్‌తో (ఒకదాని టైప్ ఏంటో చెప్పే సీ ప్లస్ ప్లస్ సౌకర్యం) అడిగి, పాయింటర్ తీసేసి, దానికి మీ సొంత పేరు పెట్టుకోండి. ఒకే లైన్. హెడర్‌లో ఏముంటే అదే వస్తుంది, రేపు మూడో ఫోర్క్ (విడిపోయిన ప్రాజెక్టు) వచ్చినా పనిచేస్తుంది. సీ లైబ్రరీ అయితే డెక్ల్‌టైప్ ఉండదు, అప్పుడు మై బూల్ అనే టైప్ ఉందా లేదా అని సీమేక్, ఆటోకాన్ఫ్ లాంటి బిల్డ్ సాధనంతో పరీక్షించండి.

రెండు పనులు మాత్రం చేయకండి. ఒకటి, బూల్ పాయింటర్‌ని క్యారెక్టర్ పాయింటర్‌గా క్యాస్ట్ చేసి (బలవంతంగా మార్చి) ఎర్రర్ నోరు మూయించడం. రెండూ ఒక బైటే కాబట్టి చాలాచోట్ల నడుస్తుంది, అదే అసలు సమస్య, ఎక్కడో ఒకచోట బూల్‌లో 0, 1 కాని విలువ పడిన రోజున కంపైలర్ ఏం చేసినా మనం అడగలేం. రెండోది, మీ పబ్లిక్ హెడర్‌లో మై బూల్ అంటే బూల్ అని డిఫైన్ చేయడం. అది మీ లైబ్రరీని వాడే ప్రతి ప్రోగ్రామ్‌లోకీ పాకుతుంది, వాళ్లు కూడా ఇదే కిటుకు చేసి ఉంటే రెండూ కొట్టుకుంటాయి, ఆ పంచాయితీ చివరికి మీ దగ్గరికే వస్తుంది.

ప్రశ్న: కంపైల్ అంతా అయ్యాక లింకర్ (కంపైలైన ముక్కల్ని కలిపి ప్రోగ్రామ్‌గా చేసేది) దగ్గర ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని పేజీ నిండా వస్తోంది. ప్రతి లైన్లోనూ ఎస్‌టీడీ సీఎక్స్‌ఎక్స్ 11 బేసిక్ స్ట్రింగ్ అని కనిపిస్తోంది. లైబ్రరీ ఫైల్ ఉంది, దారి సరిగ్గానే ఇచ్చాను, ఫంక్షన్ కూడా అందులో ఉంది.

జవాబు: ఆ ‘సీఎక్స్‌ఎక్స్ 11’ అన్న ముక్కలోనే జవాబుంది. 2015లో వచ్చిన జీసీసీ 5 స్ట్రింగ్ (అక్షరాల వరుస) లోపలి నిర్మాణాన్ని మార్చింది, ఎందుకంటే పాత పద్ధతిలో ఒకే అక్షరాల గుంపుని రెండు స్ట్రింగ్‌లు పంచుకునేవి, సీ ప్లస్ ప్లస్ 11 దాన్ని ఒప్పుకోదు. పాతవి, కొత్తవి పొరపాటున కలవకుండా కొత్త స్ట్రింగ్‌కి వేరే లోపలి పేరు పెట్టారు. మీ ప్రోగ్రామ్ కొత్త పేరుతో వెతుకుతోంది, మీకు దొరికిన లైబ్రరీ పాత పేరుతో బిల్డ్ అయింది. కొంపలు మునిగే చోట లింకరే ఆపింది, తిట్టుకోకండి.

లైబ్రరీ సోర్స్ మీ దగ్గరుంటే అదే కంపైలర్‌తో మళ్లీ బిల్డ్ చేయడమే మేలు. బైనరీ మాత్రమే ఉంటే, జీలిబ్‌సీఎక్స్‌ఎక్స్ యూజ్ సీఎక్స్‌ఎక్స్ 11 ఏబీఐ అనే మ్యాక్రోని 0 చేసి మీ ప్రోగ్రామ్ మొత్తాన్ని, అవును, మొత్తాన్ని, పాత పద్ధతిలో బిల్డ్ చేయాలి. ఒక్క ఫైల్‌కి పెట్టి వదిలేస్తే ఇదే ఎర్రర్ ఇంకో చోట మొలుస్తుంది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్ల క్లయింట్ లైబ్రరీ లిబ్‌పీక్యూకి ఈ గొడవ లేదు, అది పూర్తిగా సీ, బయటికి ఇచ్చే స్ట్రింగ్‌లన్నీ క్యారెక్టర్ పాయింటర్లే. దాని మీద కట్టిన లిబ్‌పీక్యూఎక్స్‌ఎక్స్ సీ ప్లస్ ప్లస్ కాబట్టి అక్కడ జాగ్రత్త కావాలి. దాని 7వ వెర్షన్ కనీసం సీ ప్లస్ ప్లస్ 17 అడుగుతుంది, లైబ్రరీని ఏ ప్రమాణంతో బిల్డ్ చేశారో మీ ప్రోగ్రామ్‌ని కూడా అదే ప్రమాణంతో చేయండి.

ప్రశ్న: విండోస్‌లో మైక్రోసాఫ్ట్ కంపైలర్ విజువల్ స్టూడియో 2015కి మారాక ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ మ్యాక్రో గొడవ. పాత వెర్షన్‌లో ఇదే కోడ్ నడిచింది.

జవాబు: పాత విజువల్ స్టూడియోలో ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ (బఫర్‌లో స్ట్రింగ్ రాసే ఫంక్షన్) లేదు, ముందు అండర్‌స్కోర్ ఉన్న సొంత వెర్షన్ ఉండేది, అందుకని అందరూ దానికి మారుపేరుగా ఈ మ్యాక్రో రాసుకున్నారు. 2015లో అసలు ఫంక్షన్ వచ్చింది, మారుపేరు అడ్డమైంది. ఎంఎస్‌సీ వెర్షన్ (మైక్రోసాఫ్ట్ కంపైలర్ నంబర్) 1900 కంటే తక్కువైతేనే ఆ మ్యాక్రో ఉండేలా షరతు పెట్టండి. ఇంకో మాట, పాత అండర్‌స్కోర్ ఫంక్షన్ బఫర్ నిండిపోతే చివర సున్నా (స్ట్రింగ్ అయిపోయిందని చెప్పే గుర్తు) పెట్టదు. క్వెరీ స్ట్రింగ్ కట్టే చోట అది చిన్న విషయం కాదు, వీలుంటే పాత కంపైలర్‌కే సెలవిచ్చేయండి.

ప్రశ్న: జీసీసీ 15లో రెండు ఎర్రర్లు. మా లైబ్రరీ హెడర్‌లో బూల్‌ని ఇంట్‌గా టైప్‌డెఫ్ చేసిన (ఇంట్‌కి బూల్ అని మారుపేరు పెట్టిన) లైన్ చెల్లదంటోంది. ఇంకోటి, కాల్‌బ్యాక్ (వాడేవాళ్లు ఇచ్చే ఫంక్షన్, లైబ్రరీ దాన్ని తిరిగి పిలుస్తుంది) పిలిచే చోట ‘ఆర్గ్యుమెంట్లు ఎక్కువయ్యాయి’ అంటోంది. స్టాండర్డ్ బూల్ హెడర్ పెట్టి ఆ టైప్‌డెఫ్ తీసేస్తే చాలు కదా?

జవాబు: ఆగండి, తీసేయకండి.

జీసీసీ 15 (2025) ఏ ఆప్షనూ ఇవ్వకపోతే సీ 23 ప్రమాణం తీసుకుంటుంది. అందులో బూల్, ట్రూ, ఫాల్స్ భాషలోని కీవర్డ్‌లు, వాటిని మనం మళ్లీ నిర్వచించలేం. ఇంతవరకు సులువే. కానీ మీ పాత బూల్ 4 బైట్లు, భాషలోని బూల్ మామూలుగా 1 బైటు. కనెక్షన్ సెట్టింగులు పెట్టే పబ్లిక్ స్ట్రక్చర్‌లో అలాంటి మెంబర్లు రెండో మూడో ఉంటే, ఆ తర్వాత ఉన్న మెంబర్ల చోట్లు జరిగిపోవచ్చు. కొత్త లైబ్రరీని పాత ప్రోగ్రామ్ కింద పెట్టారనుకోండి, ఆ ప్రోగ్రామ్ టైమ్‌అవుట్ అనుకుని రాసిన విలువని లైబ్రరీ ఇంకేదో అనుకుని చదువుతుంది. ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు, కనెక్షన్ మాత్రం పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది.

కాబట్టి టైప్ సైజు అలాగే ఉంచి పేరు మాత్రం మార్చండి. లైబ్రరీ పేరు ముందు తగిలించి సొంత బూల్ పెట్టుకోండి, లోపల ఇంట్‌గానే ఉండనివ్వండి. బయటికి కనిపించని ఫైళ్లలో మాత్రం స్టాండర్డ్ బూల్ నిశ్చింతగా వాడొచ్చు.

కాల్‌బ్యాక్ సంగతి వేరు. పాత సీలో ఫంక్షన్ పక్కన ఖాళీ బ్రాకెట్లు పెడితే ‘ఆర్గ్యుమెంట్లు ఏవో ఉంటాయి, తర్వాత చూద్దాం’ అని అర్థం. సీ 23లో అదే ఖాళీ బ్రాకెట్లకి ‘ఆర్గ్యుమెంట్లే లేవు’ అని అర్థం. రో చదివిన ప్రతిసారీ పిలిచే కాల్‌బ్యాక్‌కి ఏమేం పంపుతున్నారో బ్రాకెట్లలో పూర్తిగా రాసేయండి, అది 89 నాటి సీలోనూ చెల్లుతుంది. ఇలా రాస్తూ పోతే రెండు కాల్‌బ్యాక్‌లు వేర్వేరు ఆర్గ్యుమెంట్లతో ఒకే పాయింటర్ వాడుకుంటున్న సంగతి బయటపడినా ఆశ్చర్యపోకండి. రేపే రిలీజ్ ఉంటే పాత గ్నూ 17 ప్రమాణం అడిగి గండం గట్టెక్కండి. కానీ ఆ ఆప్షన్ పక్కన ఎందుకు పెట్టారో ఒక కామెంట్ రాయండి, లేకపోతే ఆరు నెలల తర్వాత దాన్ని తీసే ధైర్యం ఎవరికీ ఉండదు, మీకు కూడా.

ప్రశ్న: ఇవన్నీ సరిచేసి ఒకే పెద్ద ప్యాచ్‌గా (కోడ్ మార్పుల ఫైల్‌గా) పంపాను. ‘పాత కంపైలర్లు వాడేవాళ్లు ఇంకా ఉన్నారు, ఇది తీసుకోలేం’ అని మెయింటైనర్ (లైబ్రరీ బాగోగులు చూసే ఆయన) తిప్పికొట్టారు. ఒళ్లు మండిపోతోంది.

జవాబు: మీ బాధ అర్థమైంది, కానీ ఆయన స్థానంలో ఉంటే నేనూ తిప్పికొట్టేవాణ్ణే. డిక్లరేషన్ సరిచేయడం, టైప్ పేరు మార్చడం, పనిలో పనిగా నచ్చని ఇండెంటేషన్ సర్దడం, అన్నీ ఒకే ప్యాచ్‌లో ఉంటే చదివేవాడికి దేనికి దేనితో సంబంధమో తెలియదు. ఒక్కో ఎర్రర్‌కి ఒక్కో ప్యాచ్ చేయండి. కమిట్ మెసేజ్‌లో కంపైలర్ పేరు, వెర్షన్, వచ్చిన ఎర్రర్ యథాతథంగా పెట్టండి, ఎందుకంటే రేపు అదే ఎర్రర్ వచ్చినవాడు దాన్నే వెతుకుతాడు.

పాత కంపైలర్ల మాటకి జవాబు మీ చేతిలోనే ఉంది. హెడర్ చేర్చడం, ఆర్గ్యుమెంట్లు రాయడం, మెయిన్ ముందు ఇంట్ పెట్టడం, ఇవేవీ పాతవాటిని చెడగొట్టవు. ప్రాజెక్టు మద్దతిచ్చే అన్నిటికంటే పాత జీసీసీతో, కొత్త జీసీసీతో, క్లాంగ్‌తో బిల్డ్ చేసి ఫలితం జత చేయండి, ఆయన అభ్యంతరం సగం అక్కడే తీరిపోతుంది. ఒకవేళ వాళ్ల రిలీజ్ బిల్డ్‌లో డబ్ల్యూఎర్రర్ (వార్నింగ్‌లన్నిటినీ ఎర్రర్లుగా చూసే ఆప్షన్) ఉంటే దాన్ని తీసేయమని వేరే ప్యాచ్‌లో మర్యాదగా అడగండి. డెవలపర్ల మెషీన్లో అది మంచిదే, కానీ రిలీజ్‌లో ఉంటే, రెండేళ్ల తర్వాత వచ్చే కంపైలర్ కనిపెట్టే ఏదో కొత్త వార్నింగ్‌కి కూడా వాడకందారు బలైపోతాడు.

అన్నట్టు, ఈసారి ప్యాచ్ మొదలుపెట్టే ముందు డెబియన్, ఫెడోరా, జెంటూ లాంటి లినక్స్ డిస్ట్రోలు ఈ లైబ్రరీని ఎలా ప్యాకేజ్ చేస్తున్నాయో చూడండి. కొత్త కంపైలర్ వచ్చినప్పుడల్లా వాళ్లు వేల ప్యాకేజీలని మళ్లీ బిల్డ్ చేస్తారు, ఆ దెబ్బలు మనకంటే ముందు వాళ్లకే తగులుతాయి. మీకు కావలసిన మూడు లైన్లు చాలాసార్లు వాళ్ల ప్యాచ్‌ల ఫోల్డర్‌లోనే దొరుకుతాయి. అలా దొరికితే రాసినవాళ్ల పేరు తీసేయకుండా మెయింటైనర్‌కి పంపండి.